వకతాయి: వంటకు వచ్చు అడవిబంతి

గత రెండు మూడు మాసములుగా మన సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు ఒక క్రొత్త మొక్కను గూర్చి ప్రశ్నించుచున్నారు. పెరూ దేశమున బంతిజాతి మొక్క యొకదాని ఆకును మనము కొత్తిమీరను వాడినట్లు వంటలలో వాడుదురనియు, ఆ మొక్కనుండి దిగు తైలమునకు హిమాలయ ప్రాంతమున గిరాకి కలదనియు, అది సామాన్యమైన నేలలో సయితము ఏపుగా పెరుగుననియు వారు వినియున్నారు. ఆ విత్తులను సంఘము తెప్పించి పంచినచో ఖాళీగానున్న గట్లమీద చల్లుకొని చూతుమని వారి కోరిక. వారు విన్నదానిలో నిజము చాల కలదు. ఆకు రుచిగలదే; తైలమును కొనువారును కలరు. కాని గట్లమీద చల్లుట మాత్రము మాకు సమ్మతము కాదు. పెరటిలో రెండు మూడు కుండీలలో పెంచుకొందుమన్నవారికి మేము సంతోషముతో తోడ్పడుదుము. పెరటికి సరియని పొలమునకు వలదనుట కొందరికి వింతగా తోచవచ్చును గనుక మా కారణములను ఇచట విపులముగా వ్రాయుచున్నాము.

బంతి మనకు క్రొత్త కాదు. సంక్రాంతికి గుమ్మమునకు కట్టు దండ బంతిదే. బతుకమ్మను పేర్చునపుడు తంగేడు, గునుగులతోపాటు వరుసకు వచ్చునది బంతియే. అయినను ఈ పువ్వు పుట్టిల్లు మన దేశము కాదు, మెక్సికో ప్రాంతము. ఇంగ్లీషువారు దానిని ఆఫ్రికా బంతి యని పిలిచినది వట్టి పొరపాటు. బంతిజాతి మొక్కలన్నియు అమెరికా ఖండములకు చెందినవే. ఆ జాతిలో మనకు తెలిసినవి పూలకొరకు పెంచు రెండు మూడు రకములు మాత్రమే. ఆకుకొరకు పెంచునవియు కలవని మన ప్రాంతమున ఎఱిగినవారు అరుదు.

పెరూ, బొలీవియా దేశముల కొండలలో కెచువా భాష మాటలాడు ప్రజలు ఈ మొక్కను వకతాయి యందురు. శాస్త్రజ్ఞుల పేరు టాజెటిస్ మైన్యూటా. 1753లో లిన్నేయస్ పండితుడు ఈ పేరు పెట్టెను. మైన్యూటా యనగా మిక్కిలి చిన్నదని యర్థము. ఈ పేరు విని మొక్క పొట్టిదని తలంచినవారు మోసపోవుదురు, చిన్నది పువ్వు. మొక్క మంచి నేలలో మనిషి యెత్తును మించి పెరుగును. కాండము నిటారుగా గట్టిగా నుండును. ఆకు వేపరెమ్మవలె చీలి, ఇరువైపుల సన్నని రంపపుటంచు రెబ్బలు కలిగియుండును. పువ్వులు కొమ్మల చివర గుత్తులుగా వచ్చును గాని వానిని చూచి బంతి యని ఎవ్వరును అనరు. ఒక్కొక్కటి సన్నని ఆకుపచ్చ గొట్టమువలె నుండి, కొనయందు రెండు మూడు లేతపసుపు రేకులు మాత్రము కనబడును. దండకు పనికిరాదు, దేవుని పటమునకును పనికిరాదు. దీని సొగసంతయు ఆకులోనే యున్నది. ఆకును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో చిన్నచిన్న చుక్కలు గాజువలె మెఱయును. అవి నూనె తిత్తులు. వ్రేళ్ళతో నలుపగానే వాసన గది నిండును.

ఆ వాసనను మాటలలో చెప్పుట కష్టము. బంతియాకు ఘాటు మొదట తగులును. దాని వెనుక పుదీనా, సోంపు, నిమ్మతొక్క కలిసిన తీపిదనము వచ్చును. మన సభ్యురాలొకరి కుమార్తె అమెరికానుండి వచ్చుచు ఈ ఆకు ముద్దను నింపిన సీసా నొకదానిని తెచ్చినది. న్యూజెర్సీ రాష్ట్రమున మన తెలుగువారు హెచ్చుగా నున్నారు. అచటి ప్యాటర్సను పట్టణమున పెరూవారును పెద్ద సంఖ్యలో నున్నారు గనుక వారి అంగళ్ళలో ఈ సీసాలు దొరకుననియు, కొన్నిటిమీద నల్లపుదీనా యను అర్థము వచ్చు ఇంగ్లీషు పేరు వ్రాసియుండుననియు ఆమె చెప్పినది. కార్యాలయమున మేమందరము చెంచా కొనతో రుచి చూచితిమి. మొదటిమారు మాలో ఒకరికి అది మందువలె తోచినది. వేడియన్నములో వేరుశనగ పచ్చడితో కలిపి తిన్నపుడు ఆయనయే మరికొంత వడ్డించుకొనెను.

పెరూవారు దీనిని వాడు విధములలో రెంటిని చెప్పినచో ఈ ఆకు స్వభావము మన గృహిణులకు బోధపడును. మొదటిది ఒకోపా. ఇది ఆ దేశపు దక్షిణభాగమున అరెకీపా పట్టణమునకు ప్రసిద్ధి తెచ్చిన వంటకము. ఉడికించిన ఉర్లగడ్డలను బిళ్ళలుగా కోసి, వానిమీద చిక్కని పచ్చడి పోసి, ఉడికించిన కోడిగ్రుడ్డు ముక్కను ప్రక్కన పెట్టి వడ్డింతురు. ఆ పచ్చడిలో ఎండబెట్టిన పసుపుపచ్చ మిరపకాయలు, ఉల్లి, వెల్లుల్లి, వేయించిన వేరుశనగపప్పులు, వకతాయి ఆకు, జున్నువలె పేర్చిన తాజా పాలముద్ద, పాలు, చిక్కదనమునకు కొన్ని బిస్కత్తులు పడును. మిరప, ఉల్లి, వెల్లుల్లి, ఆకులను కొద్ది నూనెలో మగ్గించి, పిమ్మట అన్నిటిని కలిపి నూరుదురు. పూర్వము నూరుటకు వారు వాడినది బతాన్ అను బల్లపరుపు రాయి. మీద ఇంకొక గుండ్రని రాతిని అటునిటు ఊపుచు నలుపుదురు. మన సన్నెకల్లును ఎఱిగినవారికి ఇది చూడకయే తెలియును. ఇపుడు అచటను మిక్సీలు వచ్చినవి.

ఈ పచ్చడిలోని సరకులను మరియొకమారు చదువుడు. వేరుశనగ, మిరప, వెల్లుల్లి! ఇది అనంతపురపు పల్లీపచ్చడికి దాయాది కాదా? వేరుశనగయు మిరపయు అమెరికా ఖండములలో పుట్టి, సముద్రము దాటి వచ్చి, ఒకటి అనంతపురమును ఇంకొకటి గుంటూరును తమ ఊళ్ళుగా చేసికొన్నవి. ఉర్లగడ్డయు ఆ కొండలదే. ఇన్ని వచ్చినను వానితో కలిసి రోటిలో పడిన ఆకు మాత్రము మన వంటింటికి రాలేదు. దానికి బదులు మనకు కొత్తిమీరయు కరివేపాకును ఉన్నవి, లోటు తెలియలేదు.

రెండవది పచమంకా. ఇది పండుగలకును పదిమంది కూడినపుడును చేయు వంట. నేలలో గొయ్యి త్రవ్వి, రాళ్ళను ఎఱ్ఱగా కాల్చి అందులో పేర్చి, వానినడుమ మాంసము, ఉర్లగడ్డలు, చిలగడదుంపలు, కాయలతో సహా పెద్దచిక్కుడు, మొక్కజొన్న పిండి పొట్లములు వరుసలుగా సర్ది, పైన ఆకులును తడిగుడ్డలును కప్పి, మన్ను పోసి మూసివేయుదురు. మన గోదావరి ప్రాంతమున తేగలను తంపటి వేయుటను తలంపునకు తెచ్చుకొనవచ్చును. మాంసమును ముందుగానే వకతాయి ఆకును చించో అను మరియొక అడవిబంతి ఆకును కలిపి నూరిన ముద్దలో ఊరవేయుదురు. మట్టి తీసిన క్షణమున పైకి లేచు ఆవిరిలో ఈ ఆకుల వాసనయే ముందుగా వచ్చునట. ఘాటైన ఆకు గనుకనే మాంసపు నీచును అణచును.

ఈ రెండింటివలన తెలియునది ఏమన, ఇది కూరాకు కాదు; పోపాకు జాతిది. తోటకూరవలె గుప్పిళ్ళతో వండరాదు. పచ్చిగా నమలినచో చేదు. నూనెలో ఒకమారు మగ్గినను, వేరుశనగ, నువ్వు, పెరుగువంటి కొవ్వుగల పదార్థముతో నూరినను, చేదు తగ్గి సువాసన నిలుచును. నలుగురికి చేయు పల్లీపచ్చడిలో మొదటిమారు ఎనిమిది పది రెబ్బలు మించి వేయవలదని మా సలహా. గుంటూరు కారపు మిరప ఈ ఆకు పరిమళమును మింగివేయును గనుక కారము తక్కువగల బ్యాడిగరకము వాడినచో రుచి తెలియును. మటనుకూరలో వేయదలచినవారు మసాలా నూరునపుడు వేయవలెను. కొత్తిమీరవలె చివర చల్లినచో పచ్చివాసన పోదు. ఆకు ఎండబెట్టినచో వాసన చాలమట్టుకు పోవును. కొద్ది నూనెతో నూరి మంచుపెట్టెలో దాచినచో నిలుచును. పరదేశములనున్న పెరూవారు ముద్దను సీసాలలో కొనుక్కొనుట ఇందువలననే.

ఒక హెచ్చరిక ఇచటనే చేయవలెను. దండలకు పెంచు మన బంతియాకును దీనికి బదులుగా పచ్చడిలో వేయరాదు. అంతకంటె ముఖ్యము, వయ్యారిభామ లేతమొక్కను చూచి ఇదియేనని భ్రమపడరాదు. రెండును చీలిన ఆకులు గలవే. పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినవే. వయ్యారిభామ ఆకు మెత్తగా నూగుతో నుండి, చీలికలో మరల చీలియుండును; వెలుతురులో చూచినచో నూనె చుక్కలు కనబడవు, ఈ సువాసన రాదు. దానిని తాకినచో పలువురకు ఒంటిపై దద్దురులు లేచునను సంగతి మన సభ్యులకు చెప్పనక్కరలేదు. సందేహము కలిగినచో ఆ మొక్కను పెరికి పారవేయుటయే మేలు. పచ్చడి ఒకపూట ఆగును.

ఇక పెంచు విధము. ఆకు కొరకు పెంచువారికి పని స్వల్పము. విత్తు సన్నగా, నల్లగా, సూదిముక్కవలె నుండును. దానిని లోతుగా పూడ్చిన మొలవదు. జల్లించిన మట్టి, పాతయెరువు కలిపిన తట్టలో పైపైన చల్లి, కనబడీ కనబడనంత మన్ను కప్పి, చిలకరింపు నీరు పెట్టవలెను. వారము తిరుగకమునుపే మొలకలు వచ్చును. నాలుగైదు అంగుళములైన పిదప జానెడు లోతుగల కుండీకి ఒకటి చొప్పున గాని, మడిలో మూరెడు దూరమున ఒకటి చొప్పున గాని నాటవలెను. ఎండ బాగుగా తగులవలెను. నీరు నిలువరాదు. ఎరువు మితముగా చాలును; యూరియా గుమ్మరించినచో ఆకు పెద్దదగును గాని నీరసముగా నుండును.

ఎప్పుడు విత్తవలెనను ప్రశ్నకు ఒక కీలకము కలదు. ఈ మొక్క పగటి పొద్దు కుఱుచయైనప్పుడు పూతకు వచ్చు స్వభావము గలది. కావున తొలకరికి విత్తినచో పొద్దు నిడివిగానున్న రోజులలో కాండమును ఆకును పెంచుకొని, దసరా దాటిన పిదప పూతకు దిగును. కార్తికమున విత్తినచో మొక్క జానెడెత్తు కాకమునుపే మొగ్గ తొడుగును, ఆకు దక్కదు. తొలకరియే మంచిదని మా తలంపు. మొక్క మూరెడెత్తు కాగానే తలను త్రుంచవలెను. ప్రక్కకొమ్మలు వచ్చి గుబురుగా నగును. అటుపిమ్మట వారమునకొకమారు లేతకొనలను త్రుంచుచుండవచ్చును. మొగ్గ కనబడగానే ఆకులో చేదు హెచ్చును, కాండము పుల్లబారును. అనగా వంటకు ఆకు రుచిగానుండునది పూతకు ముందే. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. దీనిమీదనే తక్కిన వాదమంతయు నిలిచియున్నది.

తైలపు సంగతికి వత్తము. హిమాచలప్రదేశము, ఉత్తరాఖండము, కాశ్మీరములలో ఈ మొక్క అడవిగా పెరుగుచున్నది; అచటివారు జంగ్లీ గేందా యందురు, అనగా అడవిబంతియే. హిమాచలమున పాలంపూరులోనున్న కేంద్రప్రభుత్వ పరిశోధనాసంస్థ దీనిలో మేలైన రకములను ఎన్నిక చేసి రైతులకు ఇచ్చినది. 2017లో ఆరంభమైన సుగంధపంటల పథకమున దీనికిని చోటు దొరకినది. కోతులును అడవిపందులును పంటను పాడుచేయు కొండచరియలలో, ఆ జంతువులు ముట్టని ఈ మొక్క రైతులకు ఆసరా యైనది. మొక్కను కోసి, ఆవిరిబట్టీలో పెట్టి తైలమును దింపుదురు. పరిమళద్రవ్యములు చేయువారు దానిని కొందురు. ఓసిమీన్, డైహైడ్రోటాజెటోన్ మొదలగు పదార్థములు ఆ తైలమున ముఖ్యమైనవి.

ఈ వర్తమానము చదివి మన సభ్యులకు ఆశ కలుగుట సహజమే. కాని లెక్కను చివరవరకు చూడవలెను. వంద కిలోల పచ్చిమొక్కనుండి దిగు తైలము అరకిలోకు అటునిటుగా నుండును. అంత బరువును మోసికొని దూరపు బట్టీకి పోయినచో బండికిరాయియే తైలమును త్రాగివేయును. కావున బట్టీ ఊరిలోనో ప్రక్కయూరిలోనో ఉండితీరవలెను. మన మండలమున నిమ్మగడ్డికి బట్టీలున్నవారు ఒకరిద్దరే. వారి బట్టీ ఆ పనికే చాలుటలేదు. తైలము నిలువ చేయుటయు సులభము కాదు. గాలి, వెలుతురు తగిలినచో అది చిక్కబడి జిగురగును. నిండా నింపిన పాత్రలో చల్లని చీకటిచోట ఉంచవలెను. ధర తగ్గినపుడు మిరపవలె శీతలగిడ్డంగిలో పెట్టి వేచియుండుటకు వీలుపడదు. పైగా ఈ తైలము ఒంటికి తగిలి ఎండ సోకినచో చర్మము కమలునను కారణమున, ఐరోపా సమాఖ్యవారు 2018లో శరీరమునకు పూసికొను వస్తువులలో దీనిని మిక్కిలి స్వల్పపాళ్ళకు మించి వాడరాదని కట్టడి చేసిరి. కొనువారి చేయి ఏ సంవత్సరమున ఎంత బిగియునో మనకు తెలియదు. ఇంటిలో వంటకు తైలము వాడదలచినవారికి ఒక్క మాట: ఆకు వేరు, తైలము వేరు. చుక్క తైలమున ఎంత ఆకు సారము ఇమిడియుండునో పై లెక్కవలననే తెలియును. దానిని పచ్చడిలో వేయరాదు.

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు ఇంకొకటి. తైలము హెచ్చుగా దిగునది మొక్క నిండుపూతలో నుండి, విత్తు కట్టుట మొదలైనపుడు. బట్టీ పెట్టువారు అంతవరకు ఆగుదురు. కోయువారు రెండు దినములు ఆలసించినను, వాన వచ్చి పని ఆగినను, కూలీలు దొరకకపోయినను, ఆ విత్తు పొలమున రాలును. వంటకు కోయువాడు మొగ్గకు ముందే కోయును. విత్తు ప్రసక్తియే రాదు. ఒకే మొక్కను రెండు పనులకు రెండు వేళలలో కోయవలసియున్నది. అపాయమంతయు రెండవ వేళలోనే యున్నది.

అపాయమనగా ఏమో ఇతర దేశములవారు అనుభవించి చెప్పినారు. దక్షిణ ఆఫ్రికాలో దీనిని కాకీపొద యందురు. 1899 మొదలు 1902 వరకు అచట బోయరులతో జరిగిన యుద్ధమున కాకీదుస్తుల ఇంగ్లీషు సైన్యములు తమ గుఱ్ఱములకు బయటినుండి గడ్డి తెప్పించినవనియు, ఆ గడ్డిలో ఈ విత్తులు వచ్చినవనియు అచటివారు చెప్పుకొందురు. సైన్యములు వెడలిపోయినవి, మొక్క వెడలలేదు. కెన్యాలో ఇది గోధుమ, మొక్కజొన్న చేలలో పెద్ద కలుపు. ఆస్ట్రేలియాలో దీనిని కంపు రోజరు అని తిట్టుపేరుతో పిలుతురు. అడవిలో కోతులు ముట్టవని మెచ్చుకొన్న గుణమే పొలమున శాపమగును: పశువు మేయని కలుపు తనంత తాను తగ్గదు. విత్తు కొనయందు చిన్న ముళ్ళవంటి పొలుసులుండుటచే బట్టలకు, పశువుల వెండ్రుకలకు, సంచులకు అంటుకొని ఊరూర తిరుగును. ఒక మొక్క వేలకొలది విత్తులను రాల్చును.

వయ్యారిభామ కథ మనకు తెలిసినదే. 1955 ప్రాంతమున పూనాలో నాలుగు మొక్కలుగా కనబడినది. ఈనాడు మన ఊరి బడి ఆవరణమున, రైలుకట్టవెంబడి, బీడుపొలములలో అది లేనిచోటు చూపువారికి బహుమతి ఈయవచ్చును. ఎవ్వరును దానిని కోరి విత్తలేదు. గుఱ్ఱపుడెక్కను మాత్రము పువ్వు అందమునకు కోరియే మన దేశమునకు తెచ్చిరి. ఇపుడు దానిని కాలువలనుండి ఎత్తుటకు ఏటేట ఖర్చుపెట్టుచున్నాము. వకతాయి మన ఉష్ణమండలపు మైదానమున అంత ప్రబలునో లేదో పరీక్షింపగోరుట తెలివి కాదు. అది తప్పి పొలమున పడిన పిదప ఫలితము చూచి విచారించుటవలన లాభము లేదు. గట్టుమీద చల్లినవాని మొక్క ప్రక్కవాని చేనిలో మొలచును. కలుపుకూలి ప్రక్కవాడు ఇచ్చుకొనును. సహకారసంఘము పంచిన విత్తువలన ఒక సభ్యుని పొలమునుండి ఇంకొక సభ్యునికి నష్టము కలుగుట మాకు సహింపరానిది.

కొందరు సభ్యులు ఇంకొక మాట చెప్పిరి. బంతిజాతి వేళ్ళు నేలలోని నులిపురుగులను చంపును గదా, టమాటా, వంగ తోటలలో ఈ మొక్కను వేయరాదా యని. మాట సత్యమే. 1958లో హాలెండు శాస్త్రజ్ఞులు ఉలెన్‌బ్రూక్, బైలో యనువారు బంతి వేళ్ళలో ఆ గుణముగల పదార్థమును వేరుచేసి చూపిరి. కాని ఆ పనికి మన బంతియే చాలును. పువ్వు అమ్ముడుపోవును గూడ. అదియును వంగసాళ్ళ నడుమ నాలుగు మొక్కలు పెట్టినచో ఫలము స్వల్పము. వేరుబొడిపెలు హెచ్చుగానున్న మడిలో ఒక పంటకాలము బంతిని దట్టముగా పెంచి, పిదప టమాటా నాటినచో మేలు కనబడును. పూలవ్యాపారమునకు దగ్గరగానున్న కడియము, మదనపల్లె ప్రాంతములవారికి ఇది సులభము. దీనికొఱకు కలుపుగా మారు మొక్కను తెచ్చుకొననక్కరలేదు.

విత్తులను పరదేశమునుండి ఉత్తరములలో తెప్పించుకొందుమని ఒకరిద్దరు అన్నారు. అది చట్టవిరుద్ధము. 2003 నాటి మొక్కల క్వారంటైను ఉత్తరువు ప్రకారము అనుమతిపత్రము లేక విత్తులు దేశములోనికి తేరాదు. అమెరికాలోనున్న పిల్లలకు ఈ సంగతి ముందుగానే వ్రాయుడు. ముద్ద సీసా తెచ్చినచో తెచ్చుకొనవచ్చును, విత్తు పొట్లము మాత్రము వలదు. ఈ మొక్క హిమాలయమున ఉన్నదే గనుక విత్తులు అచటినుండియే దొరకును.

కావున సంఘము ఇట్లు నిర్ణయించినది. పెరటిలో పెంచగోరు కుటుంబమునకు రెండు వ్రేళ్ళ చిటికెడు విత్తు ఇయ్యబడును. అది మూడు కుండీలకు సరిపోవును. తీసికొనువారు కార్యాలయపు పుస్తకమున పేరు వ్రాయించుకొనవలెను. మడిలో గాక కుండీలలోనే పెంచవలెను. మొగ్గ కనబడిన దినముననే కాండమును మొదటికి కోసి, ఆకును నూరి దాచుకొని, మిగిలిన పుల్లను ఎండబెట్టి కాల్చివేయవలెను, ఎరువుగుంటలో పడవేయరాదు. మరుసటి ఏటికి విత్తు ఎట్లని అడుగుదురేమో. ఎవ్వరును తమ ఇంట విత్తు కట్టనీయవలదు. మరల కార్యాలయమునకు వచ్చి అడుగవలెను. విజయదశమికి మునుపు మా పర్యవేక్షకుడు పుస్తకములోని పేళ్ళ ప్రకారము ఇంటింటికి వచ్చి కుండీలను చూచును. పచ్చడి చేసినవారు ఆయనకు ఒక ముద్ద పెట్టినచో ఆయన కాదనడు.

తైలపు పంటను గూర్చి మాత్రము, ఊరిలో ఆవిరిబట్టీ నెలకొనునంతవరకు, కొనువారితో వ్రాతపూర్వకమైన ఒడంబడిక కుదురునంతవరకు, సంఘము అప్పు ఇయ్యదు. నిమ్మగడ్డి బట్టీలను పెంచుటకు కొందరు సభ్యులు పెట్టిన అర్జీ వచ్చు మాసపు సమావేశమున విచారణకు వచ్చును. తొలకరికి విత్తు కోరువారు జ్యేష్ఠ పూర్ణిమలోపల కార్యాలయమున తెలుపవలెను.